చినికి చినికి గాలివానా, చిలికి చిలికి గాలివానా?

అందరికీ నమస్కారం. సామెత గురించే సందేహం, కానీ కాస్త వంకర దారిలో వచ్చింది కాబట్టి ఓపిగ్గా చదవండి.

కేయాస్ థియరీ (నియమం కచ్చితంగా ఉన్నా ముందుముందు ఏమవుతుందో చెప్పలేని లెక్కల సంగతి) మీద తెలుగులో నోట్సు రాసుకుంటున్నాను, పక్కన చిన్న చిన్న ప్రోగ్రాములు ఆడించి చూసుకుంటూ. బటర్‌ఫ్లై ఎఫెక్ట్ (ఎక్కడో సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే ఇంకెక్కడో సుడిగాలి రావచ్చు, అంటే మొదట్లో పిసరంత తేడా చివరికి పెద్ద తేడా కావడం) దగ్గర "సీతాకోకచిలుక ప్రభావం" అని రాస్తే నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. చినికి చినికి గాలివాన అనే మాట చేతిలో ఉండగా ఈ తిప్పలెందుకు? పైగా ఆ కథ పుట్టిందే వాతావరణం లెక్కల్లో. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త తన కంప్యూటర్‌లో ఒక లెక్కని మధ్యలోంచి మళ్ళీ నడిపిద్దామని 0.506127కి బదులు కాగితం మీద ప్రింటైన 0.506 కొట్టి వదిలేశాడు. కాసేపాగి వచ్చి చూస్తే కొత్త వాతావరణానికీ పాతదానికీ పోలికే లేదు. మెషీన్ పాడైందేమో అనుకున్నాడు ముందు.

సామెత అతికినట్టు సరిపోయిందని సంతోషపడి, సరే నేనూ చేసి చూద్దామని కూర్చున్నాను, అక్కడే అనుమానం మొదలైంది. లెక్క ఇది: సున్నాకీ ఒకటికీ మధ్య ఒక సంఖ్య తీసుకోండి, ఒకటిలోంచి దాన్ని తీసేయండి, ఆ రెండింటినీ గుణించి 4తో హెచ్చవేయండి, వచ్చిన జవాబుని మళ్ళీ మొదటికి పంపండి. లాజిస్టిక్ మ్యాప్ అంటారు. ప్రోగ్రాం నాలుగు లైన్లు. ఒకదాన్ని 0.2తో, ఇంకోదాన్ని 0.2000001తో మొదలుపెట్టాను. పదో అడుగులో రెండూ 0.148 దగ్గరే ఉన్నాయి, తేడా పదివేలలో ఒక వంతు కూడా లేదు. ఇరవయ్యో అడుగులో ఒకటి 0.82, రెండోది 0.71. ఇరవైమూడో అడుగుకి ఒకటి 0.126, రెండోది 0.975! వేలిగోరంత తేడా ఇరవైమూడు అడుగుల్లో ఇంత చేసింది.

ఇక్కడిదాకా సామెత గెలిచింది. కానీ ఆ 4 తీసేసి 2.8 పెడితే? ఎక్కడ మొదలుపెట్టినా కొన్ని పదుల అడుగుల్లో 0.642857 దగ్గరికొచ్చి కూర్చుంటుంది, తేడా కరిగిపోతుంది. 3.2 పెడితే 0.513, 0.799 అని రెండింటి మధ్య ఊగుతూ ఉంటుంది. చినుకు పడ్డప్పుడల్లా గాలివాన రాదన్నమాట. ఇంకోటి, 4 పెట్టినప్పుడు కూడా సంఖ్య ఒకటిని దాటి పోదు. అంటే ఇక్కడ ఏదీ పెరిగి పెద్దదైపోవడం లేదు, ఎప్పుడు ఎక్కడుంటుందో చెప్పలేకపోతున్నాం, అంతే. మన సామెతలో చిన్న మాట పెద్ద గొడవ అవుతుంది, లోరెంజ్ చెప్పింది వేరు. 1972 ప్రసంగంలో ఆయనే అన్నాడు, రెక్క ఆడించడం సుడిగాలిని పుట్టించగలిగితే రాకుండా ఆపనూగలదని.

మరి సామెత వాడొచ్చా, కూడదా? ఇంకో సంగతి, నేను చిన్నప్పటి నుంచి విన్నది "చిలికి చిలికి". పుస్తకాల్లో రెండూ కనిపిస్తున్నాయి. ఏది సరైంది?

కామెంటు: చినికి చినికే నండీ. చినుకుతూ చినుకుతూ గాలివాన అయింది అని అర్థం, వానకి చినుకు ఉండాలి కదా. చిలికితే వెన్న వస్తుంది, వాన కాదు. నకారం లకారం నోట్లో తారుమారైంది, ఇందులో చర్చ ఏముంది.

కామెంటు: అంత తేలిగ్గా కొట్టిపారేయకండి మాస్టారూ. చిలకరించడం అంటే నీళ్ళు చల్లడమే, ఆ దారిన చూసినా వాన వస్తుంది. అయినా మాట చరిత్ర పక్కన పెట్టి పోస్టులోని లెక్కే చూడండి. 4తో హెచ్చవేసే లెక్కలో ఒక్క అడుగుకే 0.2 పెట్టినా 0.64 వస్తుంది, 0.8 పెట్టినా 0.64 వస్తుంది. ఎందుకంటే ఆ సూత్రం సున్నా నుంచి ఒకటిదాకా ఉన్న గీతని రెండింతలు సాగదీసి, మధ్యకి మడిచి, మళ్ళీ అదే జాగాలో పెడుతోంది. సాగదీయడం వల్ల పక్కపక్కనున్నవి దూరమవుతాయి, మడవడం వల్ల ఏదీ బయటికి పోదు. మళ్ళీ సాగదీత, మళ్ళీ మడత. కవ్వం కుండలో చేసే పని ఇదే కదా! పాలు కుండ దాటవు, కానీ ఏ చుక్క ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పలేరు.

పోస్టు రాసినవాణ్ణి: అబ్బ, ఇది నాకు తట్టలేదు. చినికి అంటే పోగుపడటం, చిలికి అంటే కలగాపులగం కావడం. వ్యుత్పత్తి చినుకుదే కావచ్చు, దాని మీద నేను గొడవపడను, నా నోట్సులో మాత్రం చిలికి అనే రాస్తాను.

కామెంటు: బ్రదర్, ఒకటి చేసి చూడు. అదే సూత్రాన్ని బ్రాకెట్లు విప్పి రాయి, నాలుగు రెట్ల సంఖ్యలోంచి నాలుగు రెట్ల దాని వర్గం తీసెయ్. ఆల్జీబ్రాలో రెండూ ఒకటే. రెండింటినీ ఒకే 0.2తో మొదలుపెట్టి నడిపితే యాభై అరవై అడుగుల్లో విడిపోతాయి, ఎందుకంటే కంప్యూటర్ పదహారో అంకె దగ్గర ఒక్కో రకంగా సర్దుకుంటుంది. నేను దీన్ని బగ్ అనుకుని ఒక రాత్రంతా వెతికాను, ఉత్త పుణ్యానికి.

కామెంటు: కేయాస్‌కి ఏం రాశారు? గందరగోళ సిద్ధాంతం అని మాత్రం అనకండి ప్లీజ్.

పోస్టు రాసినవాణ్ణి: అనలేదు. గందరగోళం అంటే నియమం లేనిది, ఇక్కడ నియమం నాలుగు లైన్లలో ఉంది. అసలు లెక్కల్లోకి ఆ పేరు తెచ్చింది 1975లో లీ, యార్క్ అనే గణితవేత్తలు రాసిన వ్యాసం, ఇంగ్లీషులో కూడా ఆ పేరు కాస్త తప్పుదోవ పట్టించేదే. గ్రీకులో మొదటి అర్థం ఆవులించిన అగాధం. గ్యాస్ అనే మాటకి కూడా మూలం అదే. కల్లోలం అందామా అనుకున్నాను, సంస్కృతంలో కల్లోలం అంటే పెద్ద అల, కనీసం కదలిక ఉంది అందులో. ఇంకా తేల్చలేదు.

కామెంటు: మరి ఫ్రాక్టల్ (ఏ ముక్క చూసినా మొత్తంలాగే కనిపించే ఆకారం)? భిన్నాకృతి అంటే సరిపోదా? గణితవేత్త మాండెల్‌బ్రాట్ 1975లో ఆ పేరు పెట్టింది విరిగినది అనే లాటిన్ మాట నుంచి, మన భిన్నం అంటే కూడా విరిగిందే.

పోస్టు రాసినవాణ్ణి: అర్థం అక్షరాలా కుదిరింది, చిక్కేమిటంటే ఇవాళ భిన్నం అనగానే వేరుగా ఉన్నది అని తోస్తుంది, భిన్నాభిప్రాయంలో లాగా. ఫ్రాక్టల్‌లో ముక్క మొత్తంలాగే ఉంటుంది, పూర్తిగా తిరగబడింది చూశారా! కాకపోతే కొలత (డైమెన్షన్) విషయంలో మాత్రం భిన్నం బాగా పనికొస్తుంది, లెక్కల్లో భిన్నం అంటే ఫ్రాక్షన్ కదా. కాక్ వక్రం అనే ఫ్రాక్టల్ గీయడం మొన్న చేశాను, 1904 నాటిది అది. ఒక గీతని మూడు ముక్కలు చేసి నడిమి ముక్క బదులు రెండు ముక్కల గోపురం నిలబెడితే నాలుగు ముక్కలవుతాయి, ప్రతి ముక్కకీ మళ్ళీ అదే. పొడవు ప్రతిసారీ మూడింట నాలుగు వంతులకి పెరుగుతుంది, అలా అంతు లేకుండా పోతే ఆ వక్రం కొలత గీతలా 1 కాదు, తలంలా 2 కాదు, 1.26. ఫంక్షన్ తనని తానే పిలుచుకోవాలి కదా, మొదటిసారి ఎక్కడ ఆగాలో చెప్పడం మర్చిపోయాను, ఎర్రర్ కొట్టి పడిపోయింది. ఏడు మెట్ల దగ్గర ఆపమన్నాక 16,384 ముక్కలతో చక్కగా గీసింది.

నోట్సులో ఫ్రాక్టల్‌ని ఫ్రాక్టల్‌గానే వదిలేశాను. ఆ ఫంక్షన్ పేరు మాత్రం తెలుగు లిపిలోనే "విరుపు" అని పెట్టాను, నేను ప్రోగ్రాములు రాసే భాష పైథాన్ 3 ఏమీ అనలేదు.