'ఆఫ్' క్రియలన్నీ కలిపి నేర్చుకోవాలా, విడివిడిగానా?

కూకట్‌పల్లి_98:
అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు 'ఆఫ్'తో వచ్చే ఫ్రేజల్ వర్బ్స్ (క్రియకి 'ఆఫ్', 'అప్' లాంటి చిన్న మాట చేరి అర్థం మారేవి) 40 ఒకే కాగితం మీద ఇచ్చారు. బట్టీ పట్టాను. పోయిన నెల ఆఫీసు కాల్‌లో క్లయింట్ రిలీజ్‌ని 'పుట్ ఆఫ్' చేస్తున్నామన్నాడు. అంటే వాయిదా. నాకు 'కాల్ ఆఫ్' గుర్తొచ్చి రద్దయిందని టీమ్‌కి చెప్పేశాను. రెండు రోజుల పని ఆగిపోయింది. ఒకే తోక ఉన్నవన్నీ ఒకచోట నేర్పితే ఇలాగే కలగాపులగం అవుతాయి. మీరేమంటారు?

తార్నాక_టీచరు:
తప్పు పద్ధతిది కాదండి, ఆ కాగితానిది. 15 ఏళ్లుగా నేర్పుతున్నాను. ముందు 'ఆఫ్' అంటే ఏమిటో చెప్పాలి: అంటుకుని ఉన్నది విడిపోవడం, దూరం జరగడం. 'టేక్ ఆఫ్'లో విమానం నేలను విడుస్తుంది. 'సీ ఆఫ్' అంటే కాచిగూడ స్టేషన్‌కి వెళ్లి బండెక్కించి రావడం. 'పుట్ ఆఫ్'లో తేదీని దూరం జరుపుతాం, 'కాల్ ఆఫ్'లో ఆ పనినే వదిలేస్తాం. ఇది చెప్పకుండా 40 ఇస్తే ఎవరికైనా కలిసిపోతాయి.

మలక్‌పేట్_వాసి:
బట్టీ పడితే అంతే అన్నా. నేను ఇంగ్లిష్ వార్తలు వింటూ నేర్చుకున్నా.

కూకట్‌పల్లి_98:
మేడమ్, లైటు 'గో ఆఫ్' అయిందంటే ఆరిందని. అలారం 'గో ఆఫ్' అయిందంటే మోగిందని. ఒకటి ఆగడం, ఒకటి మొదలవడం. మీ 'విడిపోవడం' ఇందులో ఎక్కడుంది?

తార్నాక_టీచరు:
మన 'పో'ని చూడండి. పాలు విరిగిపోయాయి, బాంబు పేలిపోయింది, లైటు ఆరిపోయింది. ఇంగ్లిష్‌లో మూడూ 'గో ఆఫ్'. అప్పటిదాకా ఉన్న స్థితి తప్పిపోవడమే మూడింటిలోనూ. 'అప్' కూడా ఇంతే. 'డ్రింక్ అప్' అంటే తాగేయ్, 'ఈట్ అప్' అంటే తినేయ్. మొత్తం పూర్తి చేయమని అక్కడ 'అప్' చెబితే ఇక్కడ 'తాగివేయి'లోని 'వేయి' చెబుతుంది. తాగు, తాగేయ్ మధ్య తేడా మనకెవరూ జాబితా ఇచ్చి నేర్పలేదు కదా!

కూకట్‌పల్లి_98:
అలారం మోగిపోయింది అంటామా? మోగింది అంటాం. అలారానికి జవాబు రాలేదు.

బోడుప్పల్_అమ్మ:
అలారం వదిలేయండి బాబూ. మా అమ్మాయి 2019లో 'పాస్ అవుట్' అయ్యానని విదేశీ మేనేజర్‌కి చెబితే, స్పృహ తప్పావా అని అడిగాడట. మన దగ్గర ఆ మాటని డిగ్రీ పూర్తయిందనే అర్థంలో వాడతాం. దాన్ని ఏ గుంపులో నేర్పుతారు?

తార్నాక_టీచరు:
ఒక్క అలారం పట్టుకుని పద్ధతినే కొట్టిపారేయకండి. తుపాకీ, బాంబు, అలారం, ఇవన్నీ బిగించి సిద్ధంగా పెట్టినవి, ఒక్కసారిగా వదులుతాయి. ఆసక్తి ఉన్న విద్యార్థికి ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది.

కూకట్‌పల్లి_98:
నాకు ఆసక్తి లేదంటున్నారా? పదో తరగతి దాకా తెలుగు మీడియం. రాత్రి షిఫ్టు దిగి నిద్ర లేకుండా పొద్దున 7 గంటల బ్యాచ్‌కి వెళ్లేవాణ్ణి. క్లాసులో ఒక్క తెలుగు మాట వస్తే 10 రూపాయల ఫైన్. అర్థం కాలేదని ఇంగ్లిష్‌లో అడగడం రాక ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి బట్టీ పట్టాను. 1958లో ఇంగ్లిష్ బోధన కోసమే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టిన ఊరు మన హైదరాబాద్, ఇప్పుడది ఇఫ్లూ అనే యూనివర్సిటీ. ఇక్కడ తెలుగుకి ఫైన్ వేసి ఇంగ్లిష్ నేర్పుతున్నారు. 'పో', 'వేయి' అని మీరు ఇంత బాగా చెప్పారు. మీ క్లాసులో ఇలా చెబుతారా మేడమ్?

మలక్‌పేట్_వాసి:
క్లాసులో తెలుగు వస్తే ఇంగ్లిష్ ఎప్పటికీ రాదన్నా. ఫైన్ ఉండాల్సిందే.

కూకట్‌పల్లి_98:
ఫైన్లు కట్టాను. అయినా రాలేదు కదా.

తార్నాక_టీచరు:
చెప్పను. మా సంస్థలోనూ ఇంగ్లిష్ తప్ప మాట్లాడకూడదని రూలు. క్లాసయ్యాక మెట్ల దగ్గర ఆపి అడిగినవాళ్లకి తెలుగులో చెబుతాను. మీ ఆసక్తి గురించి అలా అనాల్సింది కాదు.

కూకట్‌పల్లి_98:
మెట్ల దగ్గర ఆపి అడిగే ధైర్యం నాకు అప్పుడు లేదు మేడమ్. లేనివాళ్లు మీ బ్యాచ్‌లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?