చలికాలపు కార్డు మీద ఏ మాట రాయాలి?

విశాఖపట్నం నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. డిసెంబరు చివరలో బంధుమిత్రులకు కార్డులు రాసి పోస్టులో వేయడం మా ఇంటి అలవాటు. వాటిని అందుకునేవాళ్ళలో ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మా పక్కింటి పిన్నిగారు, నాన్నగారి చిన్ననాటి స్నేహితుడైన మా రహమతుల్లా గారి కుటుంబం, ధనుర్మాసమంతా చీకటితోనే లేచి ముగ్గు పెట్టే అత్తయ్య, దేవుడి మాట ఎత్తితే వాదనకు దిగే పెదనాన్న ఉన్నారు. ఎవరి పండుగకు వారికి ఎలాగూ శుభాకాంక్షలు చెబుతాం. ఇది మాత్రం అందరికీ ఒకటే కార్డు. దాన్ని తెరిచినప్పుడు ఇది తమది కాదని ఎవరికీ అనిపించకూడదు.

జగదాంబ కూడలి దగ్గర, డాబాగార్డెన్స్‌లో దుకాణాలన్నీ చూశాను. ఒక అరలో పశువుల పాక, నక్షత్రం, గంటలు. మరో అరలో గొబ్బెమ్మలు, హరిదాసు. మతం ప్రసక్తి లేనివి అడిగితే, మంచు కప్పిన పైన్ చెట్ల బొమ్మ తీసి ఇచ్చారు. లోపల ‘సీజన్స్ గ్రీటింగ్స్’ అని బంగారు రంగు అక్షరాలు. విశాఖలో ఆ మంచు ఎవరు చూశారు? అందుకని అరకు వలిసె పూల పొలం బొమ్మ వేయించాను. కొండ అంచు వరకు పసుపు పరుచుకుని బాగా వచ్చింది. లోపల రాయడానికే మాట కుదరలేదు. ‘శీతాకాల శుభాకాంక్షలు’ అని ఎవరూ ఎవరినీ పలకరించరు కదా. చలికాలానికి తెలుగులో సొంత పలకరింపు ఏదైనా ఉందా?

మొదటి జవాబు:

‘హేమంత శుభాకాంక్షలు’ అనండి. మార్గశిర, పుష్య మాసాలు హేమంతం. చాలామంది డిసెంబరును శిశిరం అనేస్తున్నారు. శిశిరం మాఘ ఫాల్గుణాలది, ఆకు రాలే కాలం. శుభాకాంక్షలతో పంపే కార్డుకు ఆ పేరు నప్పదు.

రెండో జవాబు:

మాట గురించి పెద్దలు చెబుతారు. నేను కార్డు గురించి ఒక సంగతి చెబుతాను. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అచ్చు వేయించి అమ్మకానికి పెట్టిన కార్డును మొదటి క్రిస్మస్ కార్డుగా చెబుతారు. దాని మీద హోర్స్‌లీ వేసిన బొమ్మలో ఒక కుటుంబం భోజనాల బల్ల చుట్టూ చేరి గ్లాసులు ఎత్తి మన వైపే చూస్తూ ఉంటుంది. రెండు పక్కలా పేదలకు అన్నం, బట్టలు ఇస్తున్న దృశ్యాలు. బాల యేసు లేడు, పశువుల పాక లేదు. యూనిసెఫ్ తొలి కార్డు 1949లో వచ్చింది. యుద్ధానంతరం సహాయం అందిన ఒక చెకోస్లొవేకియా చిన్నారి వేసిన బొమ్మ అది. అందులో పిల్లలు ఒక స్తంభం చుట్టూ ఆడుతూ ఉంటారు. కాబట్టి మీరు వెతుకుతున్నది కొత్తదేమీ కాదు.

మూడో జవాబు, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని నుంచి:

అమ్మా, ‘హేమంత శుభాకాంక్షలు’లో తప్పు లేదు. కానీ మీ పక్కింటి పిన్నిగారు దాన్ని పైకి చదువుతారా? పలకరింపు నోటికి రావాలి. చలి గురించి మనవాళ్ళు తరతరాలుగా అనుకునే మాటలే ఉండగా కొత్తవి కల్పించడం ఎందుకు?

మార్గశిరాన మాటాడ పొద్దుండదు. పుష్యానికి పూస గుచ్చ పొద్దుండదు.

‘పొద్దు’ అంటే సూర్యుడు, పగలు, తీరిక కూడా. ఈ సామెతలో మూడు అర్థాలూ కలిసి పనిచేస్తాయి. పగలు చిన్నదైందన్న మాట నిజమే, అయితే మన దగ్గర అది మరీ కుంచించుకుపోదు. విశాఖలో డిసెంబరు 21, 22 తేదీల్లోనూ పగలు సుమారు 11 గంటలు ఉంటుంది. జూన్‌లో అతి పెద్ద పగలు 13 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలు. ఆ మాత్రానికే మాట్లాడుకోవడానికి వీలు లేకుండా పోతుందా? ఈ సామెత కళ్ళంలో పుట్టిందని నా నమ్మకం. సరిగ్గా ఆ రోజుల్లోనే వరి కోతలు, కట్టలు మోయడం, కుప్పలు వేయడం, నూర్పులు. తెల్లవారి మంచు ఆరితే గాని పనికి దిగలేరు, ఇంతలోనే మునిమాపు. ఆ మధ్యలో పక్క మడిలో ఉన్నవాళ్ళనైనా పలకరించే తీరిక ఎక్కడిది?

అందుకే ఈ సామెత కార్డుకు సరిగ్గా సరిపోతుంది. మాట్లాడే పొద్దు లేనప్పుడే కదా రాసి పంపేది!

నాలుగో జవాబు:

మాస్టరమ్మగారూ, సామెత అద్భుతం. నాదొక సందేహం. మార్గశిరం అనగానే లక్ష్మివారం పూజలు, వ్రతాలు గుర్తొస్తాయి. మతం లేని కార్డు మీద ఆ నెల పేరు ఉండవచ్చా?

ఉపాధ్యాయిని:

ఉండవచ్చు. పున్నమి నాటి చంద్రుడు మృగశిర దగ్గర ఉండే నెల మార్గశిరం, పుష్యమి దగ్గర ఉండే నెల పుష్యం. ఆకాశం చూసి పెట్టిన పేర్లు. మృగశిర అంటే ఓరియన్ నక్షత్ర మండలంలో తల భాగం. డిసెంబరు రాత్రి బీచ్‌రోడ్డులో నిలబడి సముద్రం వైపు చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది. పూజలు ఆ నెలలో వస్తాయి, నెల పూజది కాదు. ఈ ముక్క మీ పెదనాన్నగారికి కూడా నచ్చుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులు. అందువల్ల మన నెలలు ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతాయి, అధికమాసం వచ్చినప్పుడు మళ్ళీ సర్దుకుంటాయి. డిసెంబరు చివర ఒక ఏడాది మార్గశిరం ఉంటుంది, మరో ఏడాది పుష్యం వచ్చేస్తుంది. క్యాలెండరు చూసి దానికి తగిన సామెత వేయండి.

చింతపల్లి నుంచి:

‘విశాఖలో ఆ మంచు ఎవరు చూశారు’ అన్నారు. మాది లంబసింగి పక్క ఊరు, 2022 దాకా మేమూ విశాఖ జిల్లావాళ్ళమే. పైన్ చెట్ల మీది మంచు మాకూ తెలియదు. మాకు మంచు అంటే గడ్డి కొసన నిలిచే బొట్టు, ఎదురుగా వచ్చే మనిషిని మింగేసే పొగ, చలి మరీ ముదిరిన రాత్రి గడ్డి మీద తెల్లగా పేరుకునే పొర. మూడింటికీ ఒకే మాట. లంబసింగికి కొర్రబొయలు అనే పేరు కూడా ఉంది. బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు పెట్టారంటారు. వలిసె పూలు వేయించారు, సంతోషం. కుదిరితే బొమ్మలో ఒక మూల నెగడు కూడా వేయించండి. మా దగ్గర చలికాలపు పలకరింపు అంటే ‘రండి, మంట దగ్గర కూర్చోండి’ అనడమే.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. నెగడు వేయించడానికి బొమ్మ మళ్ళీ ఇచ్చాను. లోపల ఇలా అనుకుంటున్నాను:

‘పుష్యానికి పూస గుచ్చ పొద్దుండదంటారు. మాటలకు మాత్రం పొద్దు చేసుకుందాం. మంట దగ్గర మీకు చోటు ఉంచాం, రండి.’

‘శుభాకాంక్షలు’ అన్న మాట ఎక్కడా లేదు. కార్డులో అది లేకపోతే వెలితిగా ఉంటుందా?

ఉపాధ్యాయిని:

ఉండదు. రమ్మని పిలిచాక వేరే శుభాకాంక్ష ఎందుకమ్మా? ‘పొద్దుండదంటారు’ ఒకే వరుసలో పట్టేలా చూడమని అచ్చువేసేవారికి చెప్పండి. మధ్యలో విరిగితే చదివేవాళ్ళకు సామెత చెడుతుంది. కింద మీ ఇంటివాళ్ళందరి పేర్లూ చేత్తోనే రాయండి.