‘నేటివ్స్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
1930ల నాటి ఒక హాలీవుడ్ సాహస చిత్రానికి తెలుగు ఉపశీర్షికలు రాస్తున్నాను. ఓడ కెప్టెన్ దుర్భిణి కంటికి ఆనించుకుని, ఒడ్డున డప్పులు కొడుతున్నవాళ్లను చూసి ‘నేటివ్స్!’ అంటాడు. నేను ‘ఆటవికులు’ అని రాశాను. సరిచూసిన మిత్రురాలు అది కొట్టేసి ‘స్థానికులు’ అని పెట్టారు. చదివితే ‘క్షతగాత్రులను స్థానికులు ఆసుపత్రికి తరలించారు’ అన్నట్టుంది. ఏ మాట సరైనది?

జవాబు:
‘ఆటవికుడు’ పుట్టుకతో తిట్టు కాదండీ. నగరం నుంచి నాగరికుడు వచ్చినట్టే అటవి నుంచి ఆటవికుడు. అలహాబాదు స్తంభం మీది సముద్రగుప్తుడి ప్రశస్తిలో ‘పరిచారకీకృత సర్వాటవికరాజస్య’ అని ఉంది. అడవి రాజులందరినీ సేవకులుగా చేసుకున్నవాడని అర్థం. ఓడిపోయినా రాజులన్న మాట పోలేదు చూడండి. కౌటిల్యుడు కూడా సైన్యాల్లో అటవీబలాన్ని ఒకటిగా లెక్కపెట్టాడు. ఇప్పుడు పత్రికల్లో ఈ మాట ‘ఆటవిక చర్య’, ‘ఆటవిక న్యాయం’ అంటూ తిట్టుగానే మిగిలింది. ఇంగ్లీషు ‘సావేజ్’ కూడా లాటిన్‌లో ‘అడవికి చెందిన’ అనే మాట నుంచి వచ్చిందే. నిఘంటువులు రాసినవాళ్లు ఎక్కడైనా ఊళ్లో కూర్చునే రాశారు!

మరో జవాబు:
ఆ శాసనం సరే, కెప్టెన్ అన్నది ‘సావేజ్’ కాదు కదా? ‘నేటివ్’లో ఉన్నది పుట్టుక, అడవి కాదు. మన సినిమావాళ్లు ‘నేటివిటీ ఉంది’ అంటే మెచ్చుకున్నట్టు. అదే మాట దొరతనం చేసేవాడి నోట పడితే చులకన. అడవిని తెచ్చిపెట్టింది మీరే. ‘దీవి జనం’ అంటే సరిపోతుంది.

అయినా ఆ సినిమాల్లో అసలు చిక్కు నామవాచకంతో కాదు, మాట ఎవరికి దక్కిందన్నదానితో. ‘కింగ్ కాంగ్’ (1933)లో దీవి నాయకుడిగా వేసిన నోబుల్ జాన్సన్ ఆఫ్రికన్ అమెరికన్. నల్లవారి సినిమాలు నల్లవారే తీసుకోవాలని 1916లో లింకన్ మోషన్ పిక్చర్ కంపెనీని స్థాపించినవారిలో ఒకరు. అంతటి మనిషికి ఇక్కడ దక్కింది కల్పిత భాషలో కొన్ని కేకలు. ఆయన ఏమన్నాడో ఓడ కెప్టెన్ చెబితేనే మనకు తెలుస్తుంది. 1984 నాటి ఇండియానా జోన్స్ సినిమా ‘టెంపుల్ ఆఫ్ డూమ్’ కథ చాలావరకు మన దేశంలోనే జరుగుతుంది, ఊరి సన్నివేశాలు తీసింది మాత్రం శ్రీలంకలో; అందులో ఊరివాళ్లు మాట్లాడేది సింహళం. విదేశీ ప్రేక్షకుడికి ఏదైనా ఒకటేనని వదిలేసినట్టున్నారు.

ఇంతకీ మీ ఉపశీర్షికల్లో దీవి జనం నాయకుడు ‘వాడు’నా, ‘అతను’నా, ‘ఆయన’నా? ఇంగ్లీషు ‘హీ’కి ఆ బాధ లేదు. మనకు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే ఫైలు తెరిచి చూశాను. ‘దీవి జనం’ అని మార్చేశాను, బాగానే ఒదిగింది. మీరడిగిన సర్వనామం దగ్గర మాత్రం దొరికిపోయాను. కెప్టెన్ మాట్లాడేటప్పుడు ‘వాడు’ ఉంటే అది కెప్టెన్ నోటి దురుసనుకోవచ్చు. కానీ కెప్టెన్ కూతురు ఇద్దరి గురించీ ఒకే సన్నివేశంలో, ఒకే గొంతుతో మాట్లాడుతుంది. అక్కడ కెప్టెన్‌కు ‘ఆయన’, నాయకుడికి ‘వాడు’ అని రాసి ఉంది. ఇంగ్లీషులో రెండుచోట్లా ఉన్నది ‘హీ’యే.