చర్చ: అమ్మ నోటి మంటకు గంజాయి నూనె చుక్కలు వేయవచ్చా?

ఉప్పుకల్లు:
అమ్మకు అరవై రెండేళ్లు. ఏడాదిగా నాలుక కొస మండుతోంది. పొద్దున లేవగానే ఫరవాలేదు, సాయంత్రానికి కాగే కాఫీ తాగినట్టు ఉంటుందట. నోట్లో పుండు లేదు, పూత లేదు. రెండు పళ్లు తీయించుకున్నా మంట తగ్గలేదు. చివరకు ఒక ఆసుపత్రిలో ‘బర్నింగ్ మౌత్ సిండ్రోమ్’ అన్నారు. అమెరికాలోని అన్నయ్య గంజాయి నుంచి తీసే సీబీడీ అనే పదార్థం చుక్కలు తెస్తానంటున్నాడు. ఒంట్లోనే తయారయ్యే అలాంటి పదార్థం తగ్గితే నొప్పి వస్తుందని, బయటి నుంచి పోస్తే సరిపోతుందని ఆయన వాదన. నిజమేనా?

కొబ్బరాకు:
మీ అన్నయ్య మాటను కొట్టిపారేయకండి. 1992లో జెరూసలేంలో రాఫెల్ మెచూలం బృందం పంది మెదడు నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టింది. అందులోని ఆనందం మన ఆనందమే. అది అవసరమైనప్పుడు అక్కడికక్కడే తయారై, నాడుల మీద కబురు అందుకునే సీబీ1 గ్రాహకాలను తాకి నొప్పి కబురును నెమ్మదింపజేస్తుంది. పని కాగానే ‘ఫా’ అనే ఎంజైము దాన్ని విరగ్గొడుతుంది. ఈ జబ్బున్నవారి నాలుక నుంచి పరీక్షకు తీసిన ముక్కల్లో సీబీ1 తగ్గి, సీబీ2, టీఆర్‌పీవీ1 అనే వేరే గ్రాహకాలు పెరిగాయని 2014లో ఇటలీ పరిశోధకులు చూపారు. ఇక లోటు లేదని ఎలా అంటాం?

మిరపతోట:
కొబ్బరాకు గారూ, ఆ టీఆర్‌పీవీ1 ఏమిటో చెప్పకుండా దాటేశారు. మిరపకాయ ఘాటును పట్టేది అదే. దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ కూడా వచ్చింది. మీ ఆనందమైడ్ ఆ గ్రాహకాన్ని కూడా తట్టి లేపుతుందని 1999 నుంచీ తెలుసు. చల్లార్చే సీబీ1 తగ్గి, మండించేది పెరిగిన నాలుక మీద ఆనందమైడ్‌ను పెంచితే ఎటు మొగ్గుతుందో ఎవరు పూచీ? పైగా మీరు చెప్పిన అధ్యయనంలో తగ్గింది గ్రాహకం. పదార్థం తగ్గిందని అక్కడ లేదు. కుళాయి ఊడిపోయిన ఇంటికి ట్యాంకరు పంపితే బిందె నిండుతుందా? అన్నట్టు, సీబీడీ ఆ సీబీ1కి సరిగా అతుక్కోదు కూడా.

కొబ్బరాకు:
అయితే ఫాను ఆపి ఒంట్లోని సరుకునే నిలబెడదాం. స్కాట్లాండులో ఒకావిడకు పుట్టుకతోనే ఆ ఎంజైము పని తక్కువ. చెయ్యి కాలితే వాసన వచ్చాకే తెలిసేదట! 2019లో ఆమె జన్యువుల కథ బయటికి వచ్చింది.

మిరపతోట:
పుట్టుకతో వచ్చింది వేరు, అరవై ఏళ్లకు మాత్రతో తెచ్చుకునేది వేరు. ఫాను ఆపే ఫైజర్ మందును మోకాలి నొప్పిపై పరీక్షిస్తే రక్తంలో ఆనందమైడ్ పెరిగింది, నొప్పి మాత్రం తగ్గలేదు. 2016 జనవరిలో ఫ్రాన్సులోని రెన్‌లో అదే తరహా మరో మందు పరీక్షలో ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒకరు చనిపోయారు. ఆ మందు ఇతర ఎంజైములనూ పట్టుకుందని తరువాత తేలింది. కాబట్టి ఆ చావుకు కారణం ఫాను ఆపడం కాకపోవచ్చు, ఒప్పుకుంటాను. అమ్మగారి నాలుక మీద ప్రయోగానికి మాత్రం ఒప్పుకోను.

పాత కాంపౌండరు:
ఇద్దరూ కాస్త ఆగండి. ఉప్పుకల్లు గారూ, అమ్మగారికి బీ12 విటమిన్, ఐరన్, షుగర్, థైరాయిడ్ చూశారా? బీపీకి ‘ప్రిల్’తో ముగిసే మాత్ర ఏదైనా వాడుతున్నారా? అదీ కొందరికి నోరు మండిస్తుంది. వక్క, గుట్కా అలవాటుండి నోరు తెరుచుకోవడం తగ్గుతుంటే అది వేరే జబ్బు, వెంటనే చూపించాలి. ఇవేవీ కాకపోతే నాడులను శాంతింపజేసే క్లోనజెపామ్ మాత్రను నోట్లో చప్పరించి ఉమ్మేసే పద్ధతి ఉంది. డాక్టరు రాస్తేనే సుమా, మత్తు వస్తుంది. సీబీడీ కాలేయం మీద పనిచేసి వేరే మందుల మోతాదును తారుమారు చేస్తుంది. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారికి మరీ ప్రమాదం. నొప్పికి గంజాయి మందులను సమర్థించేంత ఆధారం లేదని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2021లో తేల్చి చెప్పింది.

ఉప్పుకల్లు:
వక్క అలవాటు లేదు, బీపీ లేదు. షుగర్‌కు ఆరేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది.

పాత కాంపౌండరు:
ఏళ్ల తరబడి వాడితే మెట్‌ఫార్మిన్ బీ12ను తగ్గించగలదమ్మా. అది ఎవరూ చూడలేదా?

ఉప్పుకల్లు:
లేదండీ. పళ్లు మాత్రం పీకారు. రేపు పొద్దున్నే రక్తం ఇప్పిస్తాను. చుక్కలు ఇప్పుడే వద్దని అన్నయ్యకు చెప్పాను, మూతి ముడుచుకున్నాడు.

కొబ్బరాకు:
బీ12 సరిగ్గానే ఉంటే ఇక్కడికే రండి. నా వాదన ఇంకా అయిపోలేదు.