రాయిని కాలిస్తే లోహం వస్తుందా? లిటిల్ ఆల్కెమీ మీద నా పేచీ

లావాదేవి (చర్చ మొదలుపెట్టినవారు)

మూడు రోజులుగా లిటిల్ ఆల్కెమీ మళ్ళీ ఆడుతున్నా. రెండోది కాదు, 580 వస్తువులుండే మొదటిది. తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో: మట్టి, నీరు, నిప్పు, గాలి ఇస్తారు. ఒకదాని మీద ఇంకోదాన్ని లాగి పడేస్తే, కుదిరితే కొత్త వస్తువు పుడుతుంది.

మట్టి + నిప్పు = లావా. సరే. లావా + గాలి = రాయి. చల్లారింది, గట్టిపడింది, ఒప్పుకున్నా. ఆ రాయి మీద మళ్ళీ నిప్పు పడేస్తే టక్కున లోహం!

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఆ రాయి లావా చల్లారగా వచ్చిందే కదా? మళ్ళీ కాలిస్తే మళ్ళీ లావానే కావాలి. అదే ఆట ఒక నిమిషం క్రితం మనకి నేర్పిన విషయాన్ని తనే మర్చిపోయింది. ఇలాంటిదే ఇంకో ఆట డూడుల్ గాడ్‌లోనూ ఇదే సూత్రం, రాయి + నిప్పు. అంటే ఒకరి పొరపాటు కూడా కాదు, ఈ తరహా ఆటలకి అదో అలవాటైపోయింది.

ఇది న్యాయమైన సూత్రమేనా, లేక బద్ధకమా? "గేమే కదా" అని మాత్రం అనకండి, అది జవాబు కాదు.

ఆఖరిమెట్టు

గేమే కదా 😀

సరే, సీరియస్‌గానే చెప్తా. లోహం ఆలస్యంగా వస్తే ఈ ఆట మొత్తం ఆగిపోతుంది. మనిషి + లోహం = పనిముట్టు. చెట్టు + పనిముట్టు = చెక్క. అంటే ఈ ఆటలో లోహం లేనిదే చెక్క ముక్క కూడా రాదు! ఇక రాయి + లోహం కలిపితే కత్తి అలుగు, బొగ్గు + లోహం కలిపితే ఉక్కు. సగం ఆట ఈ ఒక్క తలుపు వెనకాలే ఉంది. ఆ తలుపుకి తాళంచెవి మూడో అడుగులోనే దొరకాలి. కొలిమి, తిత్తులు, ఖనిజం అంటూ కూర్చుంటే పదో నిమిషానికి ఫోన్ పక్కన పడేస్తాం.

పైగా ఒకసారికి రెండే వస్తువులు కలపగలం. మూడోది పెట్టే చోటేది?

పటకారు

నేను కెమిస్ట్రీ పాఠం చెప్పేవాణ్ణి, కాబట్టి ముందే క్షమించండి.

లోహాలు చాలావరకు రాళ్ళలో ఆక్సిజన్‌తోనో గంధకంతోనో ముడిపడి ఉంటాయి. వేడి ఒక్కటే ఆ ముడి విప్పదు. ఆ ఆక్సిజన్‌ని లాక్కుపోయే ఇంకొకడు కావాలి, కొలిమిలో ఆ పని బొగ్గుది. మా ల్యాబ్‌లో ఏటా చేయించే ప్రయోగమే ఉంది. ఆకుపచ్చటి కాపర్ కార్బొనేట్ పొడిని టెస్ట్‌ట్యూబ్‌లో వేసి కాలిస్తే నల్లగా అవుతుంది. పిల్లలు "రాగి ఏది సార్" అంటారు. రాదు. ఇంకో పది నిమిషాలు కాల్చినా నలుపు నలుపే. అందులో బొగ్గుపొడి కలిపి గట్టిగా వేడి చేస్తే అప్పుడు ఆ నల్ల పొడిలో అక్కడక్కడ ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. క్లాసులో ఒక్కసారి నిశ్శబ్దం అయ్యే క్షణం అదే.

కాబట్టి లావాదేవి గారి వైపే నా ఓటు. సూత్రం ఖనిజం + బొగ్గు అని ఉండాలి. చెక్క లేదనకండి ఆఖరిమెట్టు గారూ, చెట్టు + నిప్పు అంటే బొగ్గు వచ్చేస్తుంది, దానికి లోహం అక్కర్లేదు.

నిన్ననేదిగా

అన్నా, మీ గొడవ తర్వాత. నాకు రాయే రావట్లేదు. మట్టి + మట్టి వేస్తున్నా.

ఆఖరిమెట్టు

@నిన్ననేదిగా మట్టి మీద నిప్పు వేయి, లావా వస్తుంది. దాని మీద గాలి. అంతే, రాయి. తర్వాత దాని మీద నిప్పు. వచ్చిన లోహం గురించి ఇక్కడ ఎవరితోనూ మాట్లాడకు.

బొగ్గులబస్తా

పటకారు గారికి నా ప్రశ్న ఒక్కటే. నిప్పు అంటున్నారు, అందులో మండుతున్నది ఏమిటి?

ఆటలో నిప్పు ఆకాశంలోంచి ఊడిపడుతుంది, నిజమే. కానీ బయట ప్రపంచంలో ఉత్త నిప్పు అనేది ఎవరైనా చూశారా? కట్టె మండాలి, బొగ్గు మండాలి. పాతకాలపు కొలిమిలో వేడి ఇచ్చేదీ బొగ్గే, ఆక్సిజన్‌ని లాక్కునేదీ బొగ్గే. బొగ్గు సగం సగం మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడే కదా ఖనిజంలోంచి ఆక్సిజన్ పట్టుకుపోయేది? అంటే "నిప్పు" అనే బొమ్మలోనే మీ మూడో వస్తువు దాక్కుని ఉంది. రాయి + నిప్పు అని రాసినవాడు తప్పు రాయలేదు, కుదించి రాశాడు. వంట చెప్పేటప్పుడు "పొయ్యి మీద పెట్టు" అంటాం గానీ "మీథేన్ మండించు" అనం కదా.

పటకారు

మంచి దెబ్బే కొట్టారు. సగం ఒప్పుకుంటా.

మిగతా సగం ఇది: మంట అంటే చాలదు, ఎలాంటి మంటన్నది ముఖ్యం. గాలి మరీ ఎక్కువైతే కార్బన్ మోనాక్సైడ్ కూడా మండిపోయి కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది, ఇక లోహానికి పనికిరాదు. అందుకే రాళ్ళని బహిరంగంగా మంటలో వేస్తే రాళ్ళే మిగులుతాయి, మూసిన కొలిమిలో బొగ్గుల మధ్య కూరితే ఇనుము వస్తుంది. అదీ కరిగి కాదు. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి, పాత కొలుములు 1200 దగ్గర్లో ఉండేవి. స్పాంజిలా, మడ్డితో కలిసిన ముద్దగా వచ్చేది. దాన్ని ఎర్రగా ఉండగానే సుత్తితో బాది మడ్డి బయటికి కక్కిస్తే అప్పుడు ఇనుము.

ఆటలో నిప్పుకి ఈ తేడా తెలియదు. చెట్టుని బొగ్గు చేసేదీ, మట్టిని లావా చేసేదీ అదే నిప్పు.

లావాదేవి

మీ ఇద్దరూ నా అసలు పేచీని నాకంటే బాగా బయటికి లాగారు. నిన్న రాత్రి పడుకున్నాక తట్టింది: సమస్య నిప్పుది కాదు, "లోహం"ది.

ఏ లోహం అది? గాలి తగిలితే తుప్పు అవుతుంది. బొగ్గు తగిలితే ఉక్కు అవుతుంది. అంటే ఇనుమే. వేషం మార్చుకున్న ఇనుము. కానీ అదే లోహం మీద సూర్యుణ్ణి పడేస్తే బంగారం అవుతుంది! ఒకే బొమ్మ, పొద్దున ఇనుము, సాయంత్రం ఇంకేదో. పేరులేని వస్తువు కాబట్టి ఎవరికి ఏది కావాలంటే అది అయిపోతుంది. రాయి అయినా అంతే, ఏ రాయో చెప్పరు. లావా చల్లారిన రాయి అంటే బసాల్ట్ లాంటిది అనుకుందాం. అందులోనూ ఇనుము ఉంటుంది గానీ సిలికేట్లలో, అంటే సిలికాన్, ఆక్సిజన్ ముడిపడిన ఖనిజాల్లో, బిగుసుకుని ఉంటుంది. దాన్ని కొలిమిలో వేసి ఇనుము తీసేవాణ్ణి నేను చూడలేదు.

బొగ్గు + లోహం = ఉక్కు అని రాసినవాడికి కార్బన్ సంగతి తెలుసు. మరి ఒక మెట్టు కింద ఎందుకు మర్చిపోయాడు? నా కోపం అదీ.

ఏడోగ్రహం

అందరూ ఆట పేరు చదవడం మర్చిపోయారు. ఆల్కెమీ అండి అది. రసవాదం. కెమిస్ట్రీ కాదు.

సూర్యుడు + లోహం = బంగారం మీకు వింతగా ఉందంటే, రసవాదుల లెక్క తెలియకే. వాళ్ళకి ఏడు లోహాలు, ఏడు గ్రహాలు. బంగారానికి సూర్యుడు, వెండికి చంద్రుడు, ఇనుముకి కుజుడు, రాగికి శుక్రుడు, తగరానికి గురుడు, సీసానికి శని, పాదరసానికి బుధుడు. ఇక లోహాలన్నీ గంధకం, పాదరసం వేర్వేరు పాళ్ళలో కలిసి భూమి లోపల పండినవే అనేది వాళ్ళలో చాలామంది నమ్మకం. అంటే వాళ్ళ దృష్టిలో "లోహం" ఒకటే, పక్వం తేడా. పేరులేని లోహం పొరపాటు కాదు లావాదేవి గారూ, అదే వాళ్ళ సిద్ధాంతం.

ఇంకో మాట. నాలుగు మూలకాల గ్రీకు జాబితాలో లోహం లేదు, మన పంచభూతాల్లోనూ లేదు. చైనావాళ్ళ అయిదింటిలో మాత్రం ఉంది: చెక్క, నిప్పు, మట్టి, లోహం, నీరు. వాళ్ళ ఆట ఎవరైనా చేస్తే లోహం మొదటి తెరలోనే ఉచితంగా వస్తుంది, ఈ చర్చే ఉండదు.

గూడుపుఠాణి

ఇన్ఫినిట్ క్రాఫ్ట్ ఆడండి హాయిగా. 2024లో వచ్చింది. అందులో సూత్రాలు కూర్చుని ఎవరూ రాయలేదు, ఏఐ భాషా మోడల్ తోచింది చెప్తుంది. న్యాయం అన్యాయం అనే గోలే లేదు.

లావాదేవి

@గూడుపుఠాణి అందుకే నాకది రెండు రోజుల్లో విసుగొచ్చింది. తిట్టుకోవడానికి రాసినవాడంటూ ఒకడు ఉండాలి కదా.

మూలకూర్చున్నవాడు

చాలాసేపటి నుంచి చదువుతున్నా. పటకారు గారు "వేడి ఒక్కటే ముడి విప్పదు" అన్నారు. దాదాపు నిజం. కానీ ఒక రాయి ఉంది.

ఇంగిలీకం. ఎర్రటి రాయి, పాదరసం గంధకంతో కలిసి ఉంటుంది. దాన్ని గాలి తగిలేలా కాలిస్తే గంధకం ఘాటు పొగగా పోతుంది, పాదరసం ఆవిరై లేస్తుంది, ఆ ఆవిరిని చల్లారిస్తే వెండిలా మెరిసే బొట్లుగా దిగుతుంది. బొగ్గు పాత్ర లేదు. రాయి, నిప్పు, అంతే. స్పెయిన్‌లోని అల్మాడెన్ గనుల్లో రెండు వేల ఏళ్ళకి పైగా ఇంగిలీకం తవ్వారు. పాదరసం 357 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి పెద్ద కొలిమి కూడా అక్కర్లేదు. (ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి, ఆ ఆవిరి పీల్చితే నరాలు పోతాయి.)

ఇంకా ఉంది. 1774లో ప్రీస్ట్లీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త పాదరసం ఆక్సైడ్ అనే ఎర్రపొడి మీద భూతద్దంతో ఎండని గుచ్చితే, ఆక్సిజన్ బయటికి వచ్చి పాదరసం మిగిలింది. పొడి + సూర్యుడు = లోహం! రసవాదులు అన్నిటికంటే ఎక్కువ మక్కువ పడిన లోహమూ అదే. కాబట్టి ఆటలో రాయి + నిప్పు అక్షరాలా నిజమయ్యే లోహం ఒకటైతే ఉంది.

పటకారు

నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇంగిలీకం ఎలా మర్చిపోయానో.

బొగ్గులబస్తా

చూశారా, సూత్రం కరెక్టే!

లావాదేవి

ఒప్పుకున్నా, సూత్రం కరెక్ట్. అయితే ఇప్పుడు ఆ లోహాన్ని రాయి మీద పడేయండి, కత్తి అలుగు రావాలి. నేలంతా బొట్లు బొట్లుగా దొర్లుతున్న పాదరసంతో అలుగు చేసి ఫొటో పెట్టండి. ఈలోగా నేను దాన్ని గాలిలో పెట్టి తుప్పు కోసం ఎదురుచూస్తుంటా.

నిన్ననేదిగా

అన్నా రాయి వచ్చింది!! లోహం కూడా వచ్చింది. గాలి మీద వేశా, తుప్పు పట్టింది. ఇది ఇనుమేనా మరి?