కంపెనీ ముందే వేసి ఇచ్చిన యాప్‌లు: ఏవి తియ్యొచ్చు, ఏవి ముట్టుకోకూడదు?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. ఇంట్లో మూడు ఫోన్లున్నాయి, మూడూ వేర్వేరు కంపెనీలవి. అందుకే పేరు రాయడం లేదు, ఏ కంపెనీకైనా పనికొచ్చేలా చెప్పండి.

అన్నిటికన్నా అమ్మ వాడే ఫోన్ మరీ నెమ్మది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, ఆండ్రాయిడ్ 13. స్టోరేజీలో 5 జీబీ మాత్రమే ఖాళీ. డయలర్ నొక్కితే తెరుచుకోడానికి మూడు నాలుగు సెకన్లు. లాక్ స్క్రీన్ మీద రోజూ ఏదో వార్త, ప్రకటన. నోటిఫికేషన్లలో అడగని గేమ్‌లు. అమ్మ పొరపాటున వాటి మీద వేలు పెడితే కొత్త యాప్ దిగిపోతోంది. ఇంకొకటి, స్క్రీన్ ఆరి ఉంటే వాట్సాప్ మెసేజ్‌లు రావు, వెలిగించగానే పదీ ఒక్కసారే వస్తాయి.

కొన్ని యాప్‌లకు అన్‌ఇన్‌స్టాల్ లేదు, డిసేబుల్ కూడా లేదు. ఇంట్లో కంప్యూటరూ వైఫైయూ లేవు. అమ్మ ఫోన్‌లో బ్యాంకు యాప్, యూపీఐ ఉన్నాయి, అవి ఆగిపోకూడదు. రూట్ చెయ్యడం, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకోవడం, నాకు ఇష్టం లేదు. ఎక్కడ మొదలు పెట్టాలి?

గుణుపురం రిపేరు

ముందు ఒక మాట. యాప్ ఉన్నంత మాత్రాన ఫోన్ నెమ్మదించదు. తెరవని యాప్ స్టోరేజీలో చోటు తింటుంది, అంతే. నెమ్మది చేసేవి వెనకాల నడిచేవి: ప్రకటనలు తెచ్చే సర్వీసు, కంపెనీ సొంత యాప్ స్టోర్, లాక్ స్క్రీన్ బొమ్మలు మార్చేది, థీమ్‌లు, బ్రౌజరు. ఇవి పగలంతా నెట్ నుంచి ఏదో ఒకటి దించుతూ ఉంటాయి. 8 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్‌లో ఆ భారం తెలియదు. 4 జీబీలో సగానికి పైగా సిస్టమే వాడేసుకుంటుంది, మిగిలిన దాంట్లో ఇవన్నీ సర్దుకోవాలి. చోటు చాలక డయలర్‌ని బయటికి తోసేస్తుంది. మీరు నొక్కినప్పుడు దాన్ని మళ్లీ స్టోరేజీ నుంచి తెచ్చుకోవాలి. ఆ మూడు సెకన్లు అవే.

ఇక్కడే స్టోరేజీ రకం చూడాలి. తక్కువ ధర ఫోన్లలో ఎక్కువగా ఈఎమ్ఎమ్‌సీ 5.1 ఉంటుంది. అది సెకనుకు సుమారు 250 ఎంబీ చదవగలదు. యూఎఫ్‌ఎస్ 2.2 అయితే 1000 ఎంబీ దగ్గర. పైగా ఈఎమ్ఎమ్‌సీ ఒకే సమయంలో చదవడమో రాయడమో చేస్తుంది, రెండూ కలిపి చెయ్యలేదు. వెనకాల యాప్ స్టోర్ అప్‌డేట్ రాస్తుంటే మీ డయలర్ వరసలో నిలబడాల్సిందే. అందుకని ఆటో అప్‌డేట్ రెండు స్టోర్లలోనూ ఆపండి. ప్లే స్టోర్‌లో ఆపి, కంపెనీ స్టోర్‌ని మర్చిపోవడం చాలామంది చేసే పొరపాటు.

64లో 5 జీబీ ఖాళీ చాలదు. కనీసం 8 నుంచి 10 జీబీ ఉంచాలి. ఫ్లాష్ మెమరీలో పాతది చెరిపితేనే కొత్తది రాయగలదు. ఖాళీ బ్లాకులు లేకపోతే రాతలన్నీ నెమ్మదిస్తాయి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరవండి. గుడ్ మార్నింగ్ వీడియోలే 3, 4 జీబీ తేలొచ్చు. ఫైళ్లు తీసేశాక రాత్రి ఛార్జింగ్‌లో పెట్టి వదిలెయ్యండి. ఆండ్రాయిడ్ ఆ ఖాళీలను సర్దుకునే పని ఫోన్ వాడకుండా ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే చేస్తుంది.

తర్వాత ఆ 'అదనపు ర్యామ్' ఆపండి. శాంసంగ్‌లో ర్యామ్ ప్లస్, షియోమీలో మెమరీ ఎక్స్‌టెన్షన్, రియల్‌మీ, ఒప్పోలలో ర్యామ్ ఎక్స్‌పాన్షన్. పేరు ఏదైనా అది స్టోరేజీలో కొంత ముక్క కోసి ర్యామ్ లాగ వాడటమే. నెమ్మది ఈఎమ్ఎమ్‌సీ మీద అది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది, ఆ జీబీలు కూడా పోతాయి. ఆపాక రీస్టార్ట్ చెయ్యాలి.

ఇక ప్రకటనలు. ఫోన్ ఒడియాలోనో తెలుగులోనో పెట్టి ఉంటే ఈ పని అయ్యేదాకా ఇంగ్లీషుకు మార్చుకోండి, పేర్లు వెతకడం సులువు. వెర్షన్‌ని బట్టి దారి మారుతుంది కాబట్టి సెట్టింగ్స్ పైన ఉన్న సెర్చ్‌లో ఆ పేరే కొట్టండి.

షియోమీ, రెడ్‌మీ, పోకోలలో 'ఆథరైజేషన్ అండ్ రివొకేషన్' అని వెతికి, అందులో 'ఎమ్‌ఎస్‌ఏ' (ప్రకటనలు తెచ్చే సర్వీసు ఇదే) ఆఫ్ చెయ్యాలి. 10 సెకన్లు ఆగమంటుంది, నెట్ ఆన్‌లో ఉండాలి. మొదటిసారి కుదరలేదని చూపిస్తే మళ్లీ ప్రయత్నించండి, మూడు నాలుగు సార్లకు ఒప్పుకుంటుంది. తర్వాత 'యాడ్ సర్వీసెస్'లో పర్సనలైజ్డ్ యాడ్స్ ఆపండి. ఫైల్ మేనేజర్, డౌన్‌లోడ్స్, సెక్యూరిటీ, థీమ్స్‌లలో ఒక్కోదాని సెట్టింగ్స్‌కీ వెళ్లి రికమెండేషన్స్ విడిగా ఆపాలి, అన్నిటికీ కలిపి ఒక మీట లేదు. లాక్ స్క్రీన్ మీద వచ్చేది వాల్‌పేపర్ కెరోజెల్ లేదా గ్లాన్స్, దాన్నీ ఆపండి.

రియల్‌మీ, ఒప్పోలలో లాక్ స్క్రీన్ మ్యాగజైన్, గెట్ రికమెండేషన్స్ ఆపాలి. శాంసంగ్‌లో లాక్ స్క్రీన్ కింద వాల్‌పేపర్ సర్వీసెస్‌ని 'నన్' చెయ్యాలి, ప్రైవసీ కింద కస్టమైజేషన్ సర్వీస్ ఆపాలి.

ఏ యాప్ పంపిందో తెలియని ప్రకటన వస్తే తోసెయ్యకండి. దాని మీద వేలు నొక్కి పట్టుకోండి, పంపిన యాప్ పేరు కనబడుతుంది. అక్కడే నోటిఫికేషన్లు ఆపెయ్యొచ్చు. అమ్మగారి వేలు తగిలి యాప్‌లు దిగడం దీంతోనే చాలావరకు ఆగుతుంది.

నాగావళి, రాయగడ

పైన చెప్పినవన్నీ చేశాక కూడా బాధ ఉంటేనే ఇది చెయ్యండి. డిసేబుల్ బటన్ లేనివాటికి కంప్యూటర్ లేకుండా దారి ఉంది.

ముందు అసలు ఏం జరుగుతుందో తెలుసుకోండి. కంపెనీ యాప్‌లు సిస్టమ్ పార్టిషన్‌లో ఉంటాయి, అది చదవడానికే తప్ప రాయడానికి తెరవదు. రూట్ లేకుండా అక్కడినుంచి చెరపలేం. మనం చెయ్యగలిగింది 'యూజర్ 0', అంటే ఫోన్ వాడే మనిషి ఖాతా నుంచి దాన్ని తీసెయ్యడం. అప్పుడు యాప్ నడవదు, కనబడదు. దాని అప్‌డేట్లు, డేటా తిన్న చోటు మాత్రమే తిరిగొస్తుంది, మూల ఫైలు అక్కడే ఉంటుంది. అందుకే జీబీల కొద్దీ ఖాళీ అవుతుందని ఆశించకండి. ఇందులో ఒక మంచీ ఉంది: ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే అన్నీ మళ్లీ వచ్చేస్తాయి, కాబట్టి తప్పు చేసినా దిద్దుకునే వీలుంటుంది. పెద్ద సిస్టమ్ అప్‌డేట్ వచ్చినప్పుడు కూడా కొన్ని తిరిగొస్తాయి.

కావలసినవి రెండు యాప్‌లు: షిజుకు, కాంటా. యాప్‌లను తీసేది కాంటా, అందుకు కావలసిన అనుమతి ఇచ్చేది షిజుకు. షిజుకు ప్లే స్టోర్‌లో ఉంది, కాంటా ఎఫ్-డ్రాయిడ్ అనే వేరే యాప్ స్టోర్‌లో దొరుకుతుంది. ఆండ్రాయిడ్ 11 లేదా ఆ పైన ఉండాలి. వైఫై లేకపోయినా పరవాలేదు, రెండో ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి అమ్మగారి ఫోన్‌ని దానికి కలపండి. వైర్‌లెస్ డీబగ్గింగ్‌కి, అంటే కేబుల్ లేకుండా ఫోన్‌కి లోపలి ఆదేశాలు ఇచ్చే పద్ధతికి, అది చాలు.

సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టండి, షియోమీలో అయితే 'ఎమ్‌ఐయూఐ వెర్షన్' లేదా 'ఓఎస్ వెర్షన్' మీద. డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటుంది. అందులో వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆన్ చెయ్యండి. షిజుకులో పెయిరింగ్ నొక్కి, ఇటు 'పెయిర్ డివైస్ విత్ పెయిరింగ్ కోడ్' నొక్కితే ఆరంకెల కోడ్ చూపిస్తుంది. ఆ కోడ్‌ని పైనుంచి దిగే షిజుకు నోటిఫికేషన్‌లోనే కొట్టాలి. కోడ్ ఉన్న పేజీ మూసి వేరే చోటికి వెళ్తే కోడ్ మారిపోతుంది, చాలామందికి తప్పేది అక్కడే. షియోమీలో నోటిఫికేషన్‌లో రాసే గడి కనబడకపోతే నోటిఫికేషన్ స్టైల్‌ని 'ఆండ్రాయిడ్'కి మార్చండి. రియల్‌మీ, ఒప్పోలలో డెవలపర్ ఆప్షన్స్ అడుగున 'డిసేబుల్ పర్మిషన్ మానిటరింగ్' ఆన్ చెయ్యకపోతే అనుమతి నిలబడదు.

కాంటా తెరిస్తే ఒక్కో యాప్ పక్కన రికమెండెడ్, అడ్వాన్స్‌డ్, ఎక్స్‌పర్ట్, అన్‌సేఫ్ అని గుర్తు ఉంటుంది. మొదటి రకం తప్ప వేరేది ముట్టుకోకండి. ఒకేసారి ముప్పై తియ్యకండి. మూడు నాలుగు తీసి, రీస్టార్ట్ చేసి, కాల్, ఎస్సెమ్మెస్, కెమెరా, యూపీఐ చూసుకుని ముందుకెళ్లండి. అప్పుడు ఏదైనా ఆగితే దేనివల్లో తెలుస్తుంది. తీసినవి అదే యాప్‌లో అన్‌ఇన్‌స్టాల్డ్ జాబితాలో ఉంటాయి, అక్కడినుంచి తిరిగి పెట్టుకోవచ్చు. రీస్టార్ట్ అయితే షిజుకు ఆగిపోతుంది, మళ్లీ మొదలు పెట్టాలి, అది లోపం కాదు.

ఫేస్‌బుక్ వాడనివాళ్లు ఇది చూడండి. ఫేస్‌బుక్ యాప్ తీసేసినా కొన్ని ఫోన్లలో ఫేస్‌బుక్ యాప్ మేనేజర్, యాప్ ఇన్‌స్టాలర్, సర్వీసెస్ అని మూడు మిగులుతాయి. యాప్‌ల జాబితాలో 'షో సిస్టమ్' పెడితేనే కనబడతాయి. వీటిని తీసినా దేనికీ ఇబ్బంది లేదు.

ముట్టుకోకూడనివి: గూగుల్ ప్లే సర్వీసెస్, వెబ్‌వ్యూ, సిస్టమ్ యూఐ, వేరే లాంచర్ (హోమ్ స్క్రీన్ చూపించే యాప్) పెట్టకుండా పాత లాంచర్, షియోమీలో సెక్యూరిటీ యాప్, ఫైండ్ డివైస్. చివరి రెండూ తీస్తే ఫోన్ లోగో దగ్గరే తిరుగుతూ ఉండిపోవచ్చు. అప్పుడు రికవరీలోకి వెళ్లి రీసెట్ చెయ్యడమే, ఫోటోలన్నీ పోతాయి. రీసెట్ తర్వాత పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది, అది గుర్తు లేకపోతే ఫోన్ తెరవలేరు. కాబట్టి మొదలు పెట్టే ముందే అమ్మగారి జీమెయిల్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, ఫోటోలు వేరే చోట దాచండి.

కీబోర్డు విషయంలో ఇంకో జాగ్రత్త. మన వైపు తెలుగు, ఒడియా రెండూ కావాలి, జీబోర్డులో రెండూ ఉన్నాయి. ముందు దాన్ని డిఫాల్ట్ చేసి, రీస్టార్ట్ చేసి, లాక్ తెరుచుకుంటోందని చూశాకే కంపెనీ కీబోర్డు తియ్యండి. లాక్‌కి అక్షరాల పాస్‌వర్డ్ ఉంటే ఇది మరీ ముఖ్యం. అంకెల పిన్‌కి కీబోర్డు అక్కర్లేదు.

గూగుల్ యాప్‌లకు డిసేబుల్ మాత్రమే ఎందుకుంటుందని తరచు అడుగుతారు. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసినప్పుడు, ముందే వేసిన యాప్‌లు తీసెయ్యడాన్ని అడ్డుకోవద్దని కూడా ఆదేశించింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాని ఉంచి ఆ షరతును కొట్టేసింది. నా దృష్టిలో పోకూడని షరతు అదొక్కటే.

బరంపురం తెలుగు

వాట్సాప్ ఆలస్యం గురించి ఎవరూ చెప్పలేదు. అది ప్రకటనల వల్ల కాదు, కంపెనీ పెట్టిన బ్యాటరీ మేనేజర్ వల్ల. మామూలు ఆండ్రాయిడ్ కూడా నిద్రపోతున్న యాప్‌లను అదుపు చేస్తుంది, కానీ కంపెనీలు దాని మీద ఇంకో పొర వేసి పూర్తిగా చంపేస్తాయి. వాట్సాప్ యాప్ ఇన్ఫోలోకి వెళ్లి బ్యాటరీని 'నో రిస్ట్రిక్షన్స్' లేదా 'అన్‌రిస్ట్రిక్టెడ్' చెయ్యండి. షియోమీ, ఒప్పో, వివో, రియల్‌మీలలో ఆటోస్టార్ట్ కూడా ఆన్ చెయ్యాలి. శాంసంగ్‌లో 'నెవర్ ఆటో స్లీపింగ్ యాప్స్'లో చేర్చాలి. బీపీ మందుకని పెట్టిన అలారం యాప్ ఉంటే దానికీ ఇదే చెయ్యండి, మెసేజ్ కన్నా అది ముఖ్యం.

'క్లీన్', 'బూస్ట్' బటన్ నొక్కడం మానిపించండి. ర్యామ్ ఖాళీగా ఉంటే వేగం రాదు. ఆండ్రాయిడ్ యాప్‌లను ర్యామ్‌లో ఉంచేది త్వరగా తెరవడానికే. బూస్ట్ నొక్కితే అన్నీ చచ్చి, మళ్లీ మొదటినుంచి లేవాలి, బ్యాటరీ ఎక్కువ పోతుంది.

నాగావళి గారు చెప్పిన పద్ధతిలో తప్పు లేదు గానీ, నేనైతే అమ్మగారి ఫోన్‌లో షిజుకు దాకా వెళ్లను. బ్యాంకు పనులు చేసే ఫోన్‌లో డిసేబుల్ చెయ్యగలిగినవి చేసి, యాడ్‌లు ఆపి, స్టోరేజీ ఖాళీ చేస్తే తేడా చాలావరకు తెలుస్తుంది.

ఛార్జింగ్ త్వరగా అయిపోతుంటే తప్పంతా యాప్‌ల మీద వెయ్యకండి. పర్లాకిమిడిలో ఒక వీధిలో ఒడిశా టవర్, ఇంకో వీధిలో పాతపట్నం వైపు ఆంధ్రా టవర్ అందుతాయి. రాయగడ కొండల్లో సిగ్నలే బలహీనం. ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూ ఉంటే బ్యాటరీ కరుగుతుంది. 5జీ నిలకడగా లేని చోట నెట్‌వర్క్ టైపుని 4జీకి మార్చండి. కొన్ని ఫోన్లలో అవతలి సర్కిల్ టవర్ పట్టినప్పుడు డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంటే నెట్ ఆగిపోతుంది, అప్పుడూ మెసేజ్‌లు రావు. వాట్సాప్ సరిచేసినా ఆలస్యం పోకపోతే అది చూడండి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

ముగ్గురికీ ధన్యవాదాలు. ముందు గుణుపురం అన్న చెప్పినవి, తర్వాత వాట్సాప్‌ది చేస్తాను. ఒకవేళ నాగావళి గారి దారిలో వెళ్లాల్సి వస్తే, డెవలపర్ ఆప్షన్స్ ఆన్ చేసినందుకు బ్యాంకు యాప్ ఆగిపోదు కదా?

నాగావళి, రాయగడ

ఆగొచ్చండి. డీబగ్గింగ్ ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు, కొన్ని డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉన్నా ఒప్పుకోవు. పని అయ్యాక వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆఫ్ చేసి, డెవలపర్ ఆప్షన్స్ పైనున్న మీట కూడా ఆఫ్ చేసి రీస్టార్ట్ చెయ్యండి. తీసిన యాప్‌లు తీసినట్టే ఉంటాయి. అయితే ఆపేముందు తెర మీది కదలికల వేగం మార్చే విండో, ట్రాన్సిషన్, యానిమేటర్ స్కేళ్లను 0.5కి తగ్గించి ఫోన్ హుషారు చేశామనుకుంటారు కొందరు. మీట ఆఫ్ చేస్తే చాలా ఫోన్లలో అవి మళ్లీ 1కి పోతాయి, కాబట్టి బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌లో దాని మీద ఆధారపడకండి.

గుణుపురం రిపేరు

ఇంకొకటి, ఈ వారంలో సిస్టమ్ అప్‌డేట్ ఏదైనా చేసి ఉంటే రెండు రోజులు ఆగి చూడండి. అప్‌డేట్ తర్వాత యాప్‌లన్నిటినీ ఫోన్ మళ్లీ సిద్ధం చేసుకుంటుంది, అదీ ఛార్జింగ్‌లో ఊరకనే ఉన్నప్పుడు. ఆ రెండు రోజుల నెమ్మదిని చూసి యాప్‌లు తీసెయ్యడం మొదలు పెట్టొద్దు.