డాబా మీద టెలిస్కోపు వణుకుతోంది, మీరెలా తగ్గించారు?

కోనసీమ_చుక్కలు
మాది అమలాపురం దగ్గర పల్లె. చుట్టూ కొబ్బరిచెట్లే. ఇక్కడ ధ్రువ నక్షత్రం ఉత్తరాన పదహారున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి పెరట్లోంచి అసలు కనిపించదు. అందుకే డాబా ఎక్కాను. 200 రెట్లు పెట్టి గురుడిని చూస్తుంటే, పక్కన ఎవరు అడుగు వేసినా చారలు చెదిరిపోతున్నాయి. గొట్టాన్ని వేలితో తడితే బొమ్మ నిలబడటానికి ఆరు సెకన్లు పడుతోంది. ఏం చేయాలండి?

పాలకొల్లు_రాత్రులు
ఎక్కడ పెట్టారు? శ్లాబు ఎక్కువగా ఊగేది నడిమధ్యనే. పిల్లర్ల మీద, బీములు కలిసే మూలల్లో తక్కువ. నేను కింది గదిలో బీములు ఎటు వెళ్లాయో చూసుకుని, పైన సుద్దతో గీత గీసుకున్నాను. నాలుగడుగులు జరిపితే సగం బాధ పోయింది.

భీమవరం_డాబా
అదే ముఖ్యం. తర్వాత ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా లాగకండి, కుర్చీ వేసుకుని చూడండి. కాళ్ల మధ్య ఇసుక సంచి వేలాడదీస్తే మంచిదే కానీ, నాది గాలికి ఊగి ఇంకా పాడుచేసింది. ఇప్పుడు సంచి అడుగు నేలకు ఆనేలా కడుతున్నాను.

కాళ్ల కింద పెట్టే, వణుకును పీల్చుకునే సోర్బోథేన్ మెత్తలు దొరుకుతాయి. నేను మాత్రం పాత లారీ ట్యూబు కోసి రెండు పొరలు, మధ్యలో ప్లైవుడ్ ముక్క పెట్టాను. ట్యూబుల్లో వాడే బ్యూటైల్ రబ్బరు ఊపును తనలోనే అణిచేస్తుంది. స్పాంజి పెట్టొద్దు, బరువుకి అణిగిపోతుంది.

తణుకు_వీక్షకుడు
నీళ్ల మోటారు ఆపించి చూడండి. ఇంకో సంగతి, కదిలేదంతా శ్లాబు వణుకే కాదు. బొమ్మ మొత్తం ఒక్కసారిగా గెంతితే వణుకు. అంచులు పొయ్యి మీద గాలిలా అలలు అలలుగా మరిగితే, పగలంతా కాగిన కాంక్రీటు వేడి. దానికి రబ్బరు పనికిరాదు. సాయంత్రం శ్లాబు మీద నీళ్లు చల్లండి, టెలిస్కోపు గంట ముందే బయట పెట్టండి.

కోనసీమ_చుక్కలు
బీము మూలకి జరిపి, ట్యూబు ముక్కలు వేశానండి. ఆరు సెకన్లు రెండుకి వచ్చింది! నిన్న మా అమ్మాయి గురుడి నాలుగు పెద్ద చందమామలనూ తనే లెక్కపెట్టింది. సముద్రపు గాలి ఒక్కటే మిగిలింది.

పాలకొల్లు_రాత్రులు
చాలా సంతోషం అండి. గాలి వచ్చే వైపు పిట్టగోడ చాటున పెట్టండి, గొట్టం గోడ పైకి రాకుండా. ఫొటోలు తీస్తే ఫోను టైమరు పెట్టుకోండి, వేలు తగిలినా కదులుతుంది.